కాశమ్మ నీళ్లు తాగిన తోట

ఇబ్రహీంపట్నం పొలిమేరలో ఉన్న దొర తోటకు కాశమ్మ ఏళ్ల తరబడి నీళ్లు మోసింది, ఆ తోట మొహం మాత్రం ఒక్కనాడూ చూడలేదు. వెట్టికి వచ్చే ఆడవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు. వెనకనున్న బావిలో తోడి, గోడ పక్క రాతి తొట్టిలో కుమ్మరించాలి. తొట్టికున్న కంతలోంచి నీళ్లు లోపలికి పోయేవి. ఏ చెట్టు తాగుతోందో తెలియదు కనుక కాశమ్మ అన్నిటికీ కలిపి ఒకే తిట్టు పెట్టుకుంది. కడవ వంచినప్పుడల్లా "తాగు, నీ నోట్ల మన్నువడ" అనేది. ఆ మాట అనకపోతే ఆమెకు చేతులాడేవి కావు.

వెట్టి వద్దని తిరగబడ్డ సంగం వాళ్లకు జడిసి దొర పట్నం పారిపోయాడు, ఊళ్లో వెట్టి పోయింది. ఆ తర్వాత పోలీసు యాక్షన్ జరిగింది. పారిపోయిన దొరలు మిలిట్రీ వెంట తిరిగొస్తున్నారని విని, తోట గేటు బార్లా తెరిచి ఉన్నా జనం ఆ ఛాయలకు పోలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. మరుసటి ఎండాకాలం కాశమ్మ తోట చూడాలని బయలుదేరింది. తన తిట్టు తగిలిందో లేదో కళ్లారా చూసుకోవాలని ఆమె కోరిక. చెరువులో చేపలు పట్టే మొగుడు బుగ్గయ్య గొణుగుతూనే వెంట నడిచాడు. చెట్లకు రాతలున్న రేకులు కట్టారని విని, మిషన్ బడిలో చదువు చెప్పే మత్తయిని కూడా తీసుకుపోయారు.

లోపల అడుగుపెట్టగానే కాశమ్మ తిట్టు సంగతే మరిచిపోయింది. విసనకర్ర విప్పినట్టు ఆకులు పరిచిన చెట్టొకటి, సొరకాయలంత కాయలు తాళ్లకు వేలాడే చెట్టొకటి! ఒక్కోదాని దగ్గరా ఆగి, నోరు తెరిచి, మొదలు నిమిరింది. కూరకు పనికొస్తుందా అని బుగ్గయ్య ఓ కాయను తట్టి అడిగితే, రేకు మీద ఆ ముక్క రాయలేదన్నాడు మత్తయి. కాయల చెట్టు ఆఫ్రికాది, విసనకర్రది మడగాస్కర్‌ది, ఇంకోటి జావాది అని చదివి చెప్పాడు. అన్నీ దొర తాత ఓడల మీద తెప్పించినవట.

ఇంకా లోపలికి పోయేసరికి ఆకులు వాడి వేలాడుతున్నాయి. కాలువలు నెర్రెలిచ్చాయి. కొన్ని మొక్కలు మోడులయ్యాయి. తిట్టు తగిలింది. సంతోషపడదామని వచ్చిన కాశమ్మకు సంతోషం కలగలేదు. వాడిన ఆకొకటి అరచేతిలోకి తీసుకుని మత్తయి వైపు తిరిగింది.

"పంతులూ, గీ చెట్లను అడిగి తెచ్చిన్రా?"

"చెట్లనెవరు అడుగుతరక్కా? పీకి ఓడెక్కించిన్రు."

కాశమ్మ అక్కడే కూలబడింది. ఇవీ తనలాగే వెట్టికి వచ్చినవే. ఎరగక ఇన్నాళ్లూ తోటివాళ్లనే తిట్టింది. ఆమెకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. లేచి తిన్నగా బావి దగ్గరికి పోయి, తొట్టి పక్కన దొర్లుతున్న పాత కడవ అందుకుంది.

బుగ్గయ్య గాభరాపడ్డాడు. "వెట్టి పోయిందని ఊరంత చెప్పుకున్నవ్. మల్ల కడవ పట్టినవేందే? రేపు దొరొస్తే ఇదే పని పట్టుమంటడు."

"పొయ్యమంటే పోస్తే వెట్టి. ఇయ్యాల నన్నెవడు పొయ్యమనలె. దొరొచ్చి పొయ్యమన్ననాడు కడవ ముట్ట."

బుగ్గయ్య తలగుడ్డ బిగించి, చేద అందుకున్నాడు. మత్తయి కూడా లాల్చీ చేతులు పైకి మడిచాడు.

ఈసారి కాశమ్మ తొట్టి వైపు పోలేదు. కడవ నెత్తికెత్తుకుని గేటులోంచి దర్జాగా నడిచివచ్చి, విసనకర్ర చెట్టు మొదట్లో వంచింది. తను పోసిన నీళ్లు ఎవరు తాగుతారో ఆమె చూడటం అదే మొదలు. మన్ను గుటుక్కున మింగింది. కాశమ్మ మనసు నిండిపోయింది. ఏదైనా మంచిమాట అందామని చూసింది, పాత నోటికి కొత్త మాట ఎక్కడ దొరుకుతుంది?

"తాగు, నీ నోట్ల మన్నువడ," అంది, బిడ్డకు ముద్ద పెడుతూ అన్నట్టు.