పక్క మంచం నుంచి వచ్చిన విద్య

ఆసుపత్రి ల్యాబులో ముప్ఫై ఏళ్లుగా చీము, మూత్రం, కఫం పరీక్ష చేస్తున్నదాన్ని. నా నోటికి జడిసి వార్డువాళ్లు నాకు మిరపకాయ అని పేరు పెట్టారు. నా కింద పనిచేసేది మా ఆడపడుచే. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఇంటి సంగతి ఏమోగాని, ల్యాబులో మాత్రం నేనే పూర్తి మొగుణ్ణి.

మా అత్తయ్యకు పొట్ట ఆపరేషనైంది. కుట్ల దగ్గర చీము పడితే పరీక్షకు పంపారు. చీము పూసిన ప్లేటు మీద పెరిగింది మామూలు పేగు బాక్టీరియా. మందు అద్దిన కాగితపు బిళ్లలు పెట్టిన చోటల్లా చుట్టూ ఖాళీ. అంటే ఏ మందు వేసినా చచ్చే రకం. డాక్టరు మందు మొదలుపెట్టారు, జ్వరం దిగింది. నాలుగు రోజులకు మళ్లీ ఎక్కింది. మళ్లీ చీము పంపారు.

శుక్రవారం ఉదయం ఆ రెండో ప్లేటు మా ఆడపడుచు తెచ్చి నా ముందు పెట్టింది. అవే మందు బిళ్లలు. ఈసారి అంచులదాకా బాక్టీరియా దట్టంగా పెరిగి ఉంది.

"కలిపేశావు," అన్నాను. వార్డులో అత్తయ్య పక్క మంచం ఆవిడకు అలాంటి మొండి రకమే ఉంది. ఆమె నమూనా కూడా ఆ రోజే వచ్చింది. ఇలాంటిది కనిపిస్తే మా ల్యాబులో ముందు అనుమానించేది పనిచేసిన చేతినే.

"లేదు వదినా. పక్కావిడది జిగటగా సాగుతుంది. ఇది చూడు, పొడిగా, చదునుగా ఉంది. ఇది అమ్మదే."

"మొన్న చచ్చిన రకం ఇవాళ ఎలా బతుకుతుంది? గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! మీ అమ్మ మీద బెంగతో నీకు కళ్లు కనబడటం లేదు."

రిపోర్టు ఆపేసి, 'నమూనా మళ్లీ పంపండి' అని రాశాను. పైన వార్డులో అత్తయ్యకు ఇంకొక రోజు అదే మందు ఎక్కింది.

మా ఆడపడుచు ఫ్రిజ్‌లో దాచిన అత్తయ్య మొదటి బాక్టీరియాను, పక్కావిడ బాక్టీరియాను ఒకే గొట్టంలో వేసి వెచ్చగా ఉంచింది. సాయంత్రం ఆ మందు కలిపిన ప్లేటును మూడు భాగాలుగా గీసి, ఒకదాంట్లో అత్తయ్యది, ఒకదాంట్లో పక్కావిడది, మూడోదాంట్లో కలిపి ఉంచినది పూసింది. మొండిఘటం అనుకుని ఊరుకున్నాను.

శనివారం పొద్దున ఆ ప్లేటును వెలుతురుకు పట్టుకున్నాను. మొదటి భాగం ఖాళీ. రెండోదాంట్లో జిగట చుక్కలు. మూడోదాంట్లో, జిగట చుక్కల మధ్య, పొడిగా చదునుగా గులాబీ రంగు చుక్కలు ఏడు. నిన్న పొద్దున ఆ మందు తగిలితే చచ్చేవే అవి. మళ్లీ లెక్కపెట్టాను.

ఎప్పుడో పుస్తకంలో చదివిందే. ఒక బాక్టీరియా సన్నటి పోగు చాచి పక్కదాన్ని దగ్గరికి లాక్కుంటుంది. మందును ఓడించే జన్యువులున్న చిన్న వలయానికి నకలు తీసి దానికిస్తుంది, తన దగ్గర ఒకటి ఉంచుకుంటుంది, వంట చేసే తీరు కాగితం మీద నకలు రాసిచ్చినట్టు. పుచ్చుకున్నది ఇంకొకదానికిస్తుంది. నీది ఏ జాతి అని అడగదు. మనం కన్నవాళ్ల దగ్గర్నుంచి పుట్టుకతో తెచ్చుకునేదాన్ని ఇవి నడిదారిలో పరాయిదాని దగ్గర తీసుకుంటాయి. కళ్లు లేవు, నోరు లేదు. ముప్ఫై ఏళ్లు వాటిని ఎలా చంపాలన్నదే చూశాను. అత్తయ్య ప్రాణం మీదికి తెచ్చింది ఈ విద్యేనని తెలిసి కూడా ఆ ఏడు చుక్కలకు దండం పెట్టాలనిపించింది.

"వదినా, ముందు ఫోను చెయ్యి," అంది ఆమె.

చేశాను. ఆ మందు ఇక పనిచెయ్యదని, మళ్లీ పంపిన నమూనా కూడా అదే చెబుతోందని అన్నాను.

"నిన్ననే ఎందుకు చెప్పలేదండీ?" అన్నారు డాక్టరు.

"మా ఆడపడుచు నిన్ననే చెప్పింది. ఆపింది నేను."

మందు మార్చారు. మూడు రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాం. నాలుగో రోజు మధ్యాహ్నం అత్తయ్య లేచి కూర్చుని దువ్వెన అడిగింది.

"పాడు జ్వరం, ఇన్నాళ్లు పట్టిందేమే?" అంది.

"పక్కావిడ పురుగు మనదానికి విద్య నేర్పిందమ్మా," అని నవ్వింది కూతురు. నా సంగతి ఎత్తలేదు.

"అందులో ఒక రోజు నా వల్లే పోయింది అత్తయ్యా," అన్నాను. "ఇది నిజమే చెప్పింది. నేను నమ్మలేదు."

అత్తయ్య దువ్వెన ఒళ్లో పెట్టుకుని కూతురి వంక చూసింది.

"చిన్నప్పుడూ అంతే. ఇది నిజం చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు," అంది.