బల్ల వాలిన వైపు

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో కాస్త అటూ ఇటూ కావచ్చు. మంచు ముందు పడిందా, నియమం ముందు మారిందా అంటే గట్టిగా చెప్పడం కష్టం. ఆదివారం అన్నది మాత్రం ఖాయం, ఎందుకంటే వెర్నా ఇంట్లో ఆట ఆదివారం మధ్యాహ్నాలే సాగేది.

వెర్నా ఆటలు తయారుచేసేది. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టుకుని, పాచికలు వేస్తూ, నోటితో కథ నడిపే ఆటలు. ఆ చలికాలమంతా ఒక్క నియమంతోనే కుస్తీ పట్టింది: పాత్రలు ఎలా అలిసిపోవాలి, ఎలా తేరుకోవాలి. అలసటకి గుర్తుగా సరస్సు ఒడ్డున ఏరిన గులకరాళ్ళు పెట్టింది. కష్టమైన పని చేస్తే నీ ముందు ఒక రాయి. రాళ్ళు పెరిగినకొద్దీ పాచికలో పడ్డ అంకె తగ్గుతుంది. రాత్రి ఎక్కడో విడిది చేస్తే, తెల్లారేసరికి రాళ్ళన్నీ తిరిగి గిన్నెలోకి.

ఆడి చూడటానికి తమ్ముడు వెండెల్, గ్రంథాలయంలో పనిచేసే గ్రెట్చెన్, బస్సు నడిపే ఓటిస్ వచ్చేవాళ్ళు. ఆడేది అమ్మ కాలం నాటి ఓక్ బల్ల మీద. ఇంట్లో ఎవరు బాగా అలిసిపోతే ఆ బల్ల వాళ్ళ వైపు వాలేది. వెండెల్ చంటివాడిగా ఉన్నప్పుడు అమ్మ వైపు ఎంత వాలిందంటే, సూపు గిన్నెలు జారకుండా కింద తడిగుడ్డ పరిచేవాళ్ళు. ఈ చలికాలం వెండెల్ వైపు వాలింది. వేసిన పాచికలన్నీ దొర్లుకుంటూ పోయి అతని ఒళ్ళో పడేవి.

"నా ఆరు నీ ఒళ్ళో పడింది, ఇటివ్వు," అనేది గ్రెట్చెన్.

"నాలుగే."

"దొంగ మొహమా, ఆరు."

ఓటిస్ ఆ వైపు కోడు కింద ఇంకో అట్టముక్క దోపేవాడు. ఆట సాగేది.

వెండెల్ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. ఎదురింట్లోనే అతని కాపురం. భార్య జాయిస్‌కి పక్షవాతం. రాత్రుళ్ళు లేచి ఆమెను పక్కకి తిప్పాలి, నీళ్ళు తాగించాలి. సాయం వస్తామంటే, "తనకి నా చెయ్యే అలవాటు. పైవాళ్ళు వస్తే సిగ్గుపడుతుంది," అనేవాడు. కిందటి వారం బండి మీద కునుకు పట్టి ఎవరిదో ఉత్తరాల డబ్బా కూల్చేశాడు. కూలిన ఆ డబ్బా వెర్నా కళ్ళముందు నుంచి కదల్లేదు. ఈసారి అక్కడ బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లలుంటే?

ఆ ఆదివారం ఆటలో కొండ కనుమ దగ్గర విడిది చేశారు. "కాపలా ఎవరు?" అంది వెర్నా.

"నేను చూస్తాలే," అన్నాడు వెండెల్. అతని పాత్ర పేరు బ్రాక్, డాలు మోసేవాడు. ప్రతి విడిదికీ అదే మాట. మిగతావాళ్ళు సరేననేసి రొట్టెలో సాసేజ్ పెట్టుకోవడంలో పడిపోయేవాళ్ళు.

ఆటలో తెల్లారింది. అందరూ రాళ్ళు గిన్నెలో వేశారు. వెండెల్ కూడా వెయ్యబోయాడు.

"ఆగు," అంది వెర్నా. "బ్రాక్ పడుకోలేదుగా?"

"ఎప్పుడు పడుకున్నాడు గనక?"

"మరి రాళ్ళెందుకు తీస్తున్నావ్?"

"నువ్వు పెట్టిన నియమమే. రాత్రి గడిస్తే రాళ్ళు పోతాయని."

నిజమే. రాత్రిని గుంపు మొత్తానికీ కలిపి లెక్కేసింది, మేలుకున్నవాణ్ణి మరిచిపోయింది. వెర్నా గిన్నె ఎత్తి రాళ్ళన్నీ వెండెల్ ముందు కుమ్మరించింది.

"ఇన్నాళ్ళ కాపలావి. ఇవి నీవే."

"ఇన్ని రాళ్ళతో బ్రాక్ డాలు కూడా ఎత్తలేడు. చచ్చాడన్నమాట." వెండెల్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"ఇంకో నియమం," అంది వెర్నా. "పక్కవాడు కాపలా నాది అంటే కాదనకూడదు."

"ఇది ఇప్పుడే పుట్టించావ్."

"ఆట నాది."

"కాపలా నాది," అన్నాడు ఓటిస్, నోట్లో రొట్టెతోనే.

"బ్రాక్‌కి అలవాటు లేదు."

"బ్రాక్‌కా, నీకా?" అంది గ్రెట్చెన్.

"నీ వంతు వచ్చినప్పుడల్లా ఒక రాయి గిన్నెలో వెయ్యి," అంది వెర్నా. "ఇంకేం చెయ్యకు."

వెండెల్ ఒక రాయి వేశాడు. మళ్ళీ వంతు వచ్చాక ఇంకోటి. కాసేపటికి గుప్పిట్లో రాయి గుప్పిట్లోనే ఉండిపోయింది, చెంప బల్లకి ఆనింది. మిగతావాళ్ళు గొంతు తగ్గించి ఆడుతూనే ఉన్నారు. బల్ల ఆ వైపు, పిండి పొంగినంత మెల్లగా, లేవసాగింది. కోడు కింది అట్టముక్కలు ఒక్కొక్కటే వదులై నేల మీద పడ్డాయి.

బయట మంచు మొదలైంది. బండ్ల షెడ్డు నుంచి ఫోను వస్తే ఓటిస్ తీశాడు. "ఇవాళ వెండెల్ రాడు. ఇంకొకరిని పంపండి," అని పెట్టేశాడు. గ్రెట్చెన్ కోటు తొడుక్కుని ఎదురింటికి వెళ్ళింది.

జాయిస్ ముద్దముద్దగా అడిగింది. "నిద్రపోతున్నాడా?"

"పోతున్నాడు."

"లేపకండి. ఇన్నాళ్ళూ ఒక్కరూ రాలేదేం?"

"నువ్వు సిగ్గుపడతావన్నాడు."

"సిగ్గు నాకు కాదు, అడగడానికి ఆయనకి," అంది జాయిస్. "కాసిని నీళ్ళివ్వు."

దీపాలు పెట్టే వేళకి గ్రెట్చెన్ తిరిగొచ్చి ఆ మాట చెప్పింది. అప్పుడే లేచిన వెండెల్ చాలాసేపు కిటికీలోంచి తన ఇంటి వైపు చూశాడు. ఇక నుంచి రాత్రుళ్ళు వంతులు వేసుకుందాం అంటే కాదనలేదు. గుప్పిట్లో రాయి గిన్నెలో వేసి, పాచిక అందుకుని వేశాడు. అది పడ్డచోటే నిలబడింది.

"ఆరు," అన్నాడు.

"నాలుగు," అంది గ్రెట్చెన్.

మంచు కరిగాక ఆ ఉత్తరాల డబ్బాని వెండెలే కొత్త గుంజ మీద నిలబెట్టి వచ్చాడు. ఆ తర్వాత అతని బండి దేన్నీ కూల్చలేదు.

బెత్, నేను చెప్పిందంతా రాసుకున్నావుగా, పేర్లు నువ్వోసారి చూసిపెట్టు తల్లీ. బస్సు నడిపినాయన పేరు ఓటిసేనా? కాపలా నాది అన్నది మాత్రం ఆయనే.