పసుపు మీద నెపం

సూరత్ శివారు భేస్తాన్‌లోని తెలుగు గల్లీలో ఎవరి పిల్లవాడైనా పుస్తకం పక్కన పడేసి ఫోన్‌లో ఆటలాడుతుంటే తల్లులు తిట్టబోయి ఆగిపోయేవారు. సంపత్ కూడా ఒకప్పుడు అట్లా కూర్చున్నవాడే. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే లింగమూర్తి కొడుకు. బడి ఎగ్గొట్టి నెట్ సెంటర్‌లో ఆటలాడాడు. అక్కడ పాడైన జాయ్‌స్టిక్కులు విప్పి బాగుచేయడం నేర్చాడు. ఆ తర్వాత పాత కంట్రోలర్లు కొని, నడిచేలా చేసి అమ్మాడు. ముప్ఫై నిండేసరికి ‘గురి’ అని పేరు పెట్టి, ఆటగాళ్ళకు కావలసిన సరుకు సొంతంగా తయారుచేసి అమ్మేవాడయ్యాడు.

నిజానికి అతన్ని నిలబెట్టింది లాక్‌డౌన్. సాంచాలు ఆగిపోయాయి, గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి, జనం కరీంనగర్ దారి పట్టారు. ఇళ్ళలో చిక్కుకున్న పిల్లలు మాత్రం దేశమంతటా ఫోన్లలో తుపాకుల ఆటలు ఆడుతున్నారు. చెమటకు బొటనవేలు తెర మీద జారితే గురి తప్పుతుంది. అందుకని వేలికి పల్చటి తొడుగు వేసుకుంటారు. ఉత్త బట్టయితే తెరకు స్పర్శ తెలియదు కాబట్టి అందులో వెండిపూత దారం కలిపి అల్లుతారు. బయటి దేశం నుంచి వచ్చే ఆ తొడుగులు రావడం మానేశాయి. సంపత్ మూతపడిన ఒక సాక్సుల కార్ఖానా నుంచి మిషన్ తెచ్చి ఇంటి ముందుగదిలో పెట్టాడు. మిషన్ సన్నటి గొట్టంలా అల్లి ఇస్తే, దాన్ని ముక్కలు కోసి కొసలు కుట్టేది గల్లీలో మిగిలిన ఆడవాళ్ళు. పనుల్లేని ఆ రోజుల్లో ఎన్నో పొయ్యిలు దానివల్లే వెలిగాయి.

ఆ కుట్టు పనికి పెద్ద సారక్క. సంపత్ తల్లికి చెల్లెలు, తల్లి పోయాక అతనికి అన్నం పెట్టిన చేయి. నేతింటి వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదటి ముడి చేతిగుణం ఉన్నవాళ్ళతోనే వేయిస్తారు. గల్లీలో ఆ చేతిగుణం సారక్కది. ఎవరింటికి కుట్టు మిషన్ వచ్చినా, చీరలకు రాళ్ళంటించే పని దొరికినా ముందు ఆమెకే కబురు. ఆమె తలకు పోసుకుని, చేతులకు పసుపు రాసుకుని, పెళ్ళికి పోతున్నట్టు వచ్చేది. కరోనా వచ్చాక ఆ పసుపు ఇంకా చిక్కనైంది.

రెండో ఏడు జబ్బు మళ్ళీ విరుచుకుపడినప్పుడు వెండిపూత దారం దొరకలేదు. జరీ బజారులో ఒకాయన రాగితీగకు వెండి మెరుగు పెట్టిన నకిలీ జరీ చూపించాడు. సంపత్ నేతింటి బిడ్డ. వేళ్ళ మధ్య నలిపి చూశాడు, వెలుతురులో తిప్పి చూశాడు. మెరుపు బాగుంది, మెత్తగా ఉంది. తొడుగు అల్లించి ఒక ఆట ఆడితే తెర చక్కగా పలికింది. చీర అంచును చూసే కంటితోనే చూశాడు. అంచుకు గంటల తరబడి చెమటలో నానే పని ఉండదని అతనికి తోచలేదు.

సరుకు వెళ్ళిన కొద్ది రోజులకే ఢిల్లీ డీలరు ఫోన్ చేశాడు. తొడుగులు పచ్చగా చిలుము పడుతున్నాయట, పిల్లల వేళ్ళు నల్లబడుతున్నాయట, వెండి అని చెప్పి ఏం కలిపావని అడిగాడు. సంపత్ ముందుగదిలోనే నిలబడి ఉన్నాడు. నోటికి అందిన మాట అనేశాడు. “దారం వెండిదే భాయ్. మా చిన్నమ్మ చేతులకు పసుపు రాసుకుని కుడుతుంది. ఆ పసుపు పట్టి ఉంటుంది.”

అన్నది హిందీలో. సూరత్‌లో హిందీ రానివాళ్ళెవరు? కింద సారక్కతో కూర్చుని కుడుతున్న గల్లీ ఆడవాళ్ళు లత, మంగ సూదులు ఆపారు. సారక్క తన చేతులవైపు చూసుకుని, కుడుతున్న తొడుగును పాము పిల్లను వదిలినట్టు వదిలేసి, లేచి వెళ్ళింది.

మర్నాడు సంపత్ మిషన్ నుంచి దిగిన ముక్కను, ఇంకా ఏ చేయీ తాకనిదాన్ని, వేలికి తొడుక్కుని చూశాడు. మధ్యాహ్నానికి వేలు నల్లబడింది. ఆ దారం పక్కన పడేసి, ఎక్కువ ధరకైనా అసలు దారమే తెప్పించాడు. డీలరు పాత సరుకు వాపసు పంపి కొత్తది తీసుకున్నాడు. పసుపు మాట మాత్రం సంపత్ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే వెండని అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. ఇవాళ కాదు రేపు అనుకున్నాడు. రేపటికి మాట ఇంకాస్త బరువెక్కేది.

సారక్క పనికి రావడం మానేసింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అతని భార్య ఊర్మిళ అంది.

“చిన్నమ్మ చేతులు సూశినవా? మున్సిపాలిటోళ్ళు ఇచ్చిన బ్లీచింగ్ నీళ్ళల్ల ముంచి ముంచి తోలు లేస్తున్నది. వద్దంటె ఇంటలేదు. దోషం పోవాలెనంట.”

సంపత్ తినడం ఆపాడు.

“లత కొత్త మిషన్ తెచ్చింది. మొదటి కుట్టు మంగతోని ఏపిచ్చింది. చిన్నమ్మ తలకు పోసుకోని తయారుగ కూసున్నదంట. ఎవ్వలు పిలువలే.”

అతను కంచం ముందు నుంచి లేచాడు. చేయి కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళి, కుడుతున్న వాళ్ళతో సూటిగా చెప్పాడు. “చిన్నమ్మ తప్పు ఏంలేదు. దారం నకిలీది. నేనే తెచ్చిన.”

లత తలెత్తి నవ్వింది. “ఊకో అన్నా. చిన్నమ్మను కాపాడుతున్నవని మాకు తెల్వదా ఏంది.”

“కాదు లతా, నిజంగనే.”

“గంత మాల్ వాపస్ వస్తె ముసల్దాన్ని ఒక్క మాట అనలే. ఇప్పుడు నెత్తిన గూడ ఏసుకుంటున్నడు” అంది మంగ. “నా మొగుడైతె గిన్నె పోతెనే ఇల్లు పీకి పందిరేస్తడు. ఇసొంటి మనిషి యాడ దొరుకుతడు?”

అతను ఎంత గట్టిగా చెబితే వాళ్ళ కళ్ళలో అంత పెద్దవాడవుతున్నాడు. సంపత్‌కు ఒళ్ళంతా గొంగళి పురుగులు పాకినట్టయింది. మూలన పడేసిన నకిలీ జరీ ఉండ ఒకటి తీసుకుని సారక్క ఇంటికి నడిచాడు.

ఆమె గడప లోపల కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేతివేళ్ళ కొసలు ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. పులుపు తగిలి మండుతున్నట్టుంది, మధ్యమధ్య ఊదుకుంటోంది.

“చిన్నమ్మా, నీ పసుపుతోని ఏం కాలేదు. దారమే ఖరాబ్.”

“నా కోసం జూటా మాటలు ఎందుకు బిడ్డా” అంది ఆమె తలెత్తకుండానే. “అయ్యిందేదో అయ్యింది. నీ ధందా మంచిగుంటె సాలు.”

సంపత్ ఉండలోంచి దారం తెంపి చూపుడువేలికి బిగించి చుట్టుకుని, గుప్పిట మూసి గడప మీద కూర్చున్నాడు. వాన పడాల్సిన రోజులు, పడటం లేదు. చెమట ధారగా కారుతోంది. ఆమె మంచినీళ్ళిస్తే ఎడమచేత్తో తాగాడు. ఇంటికి పొమ్మంటే పోలేదు. ఆమె విసుగొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టి, అది ఉడికాక పోపు పెట్టి దించేదాకా అట్లాగే ఉన్నాడు. అప్పుడు దారం విప్పి వేలు చూపించాడు. వేలి చుట్టూ నల్లగా, అంచుల్లో పచ్చగా చార పడింది.

సారక్క అతని వేలు పట్టుకుని కొంగుతో రుద్దింది. పోలేదు. వాసన చూసింది. ఉండలో మిగిలిన దారాన్ని చూసింది.

“ఇది నీకు ఎన్నడు తెల్సింది?”

ఇవాళే అనవచ్చు. ఆమె నమ్ముతుంది కూడా. ఆ సంగతి తెలిసే సంపత్ ఆ మాట అనలేకపోయాడు.

“నువ్వు లేసి ఎల్లిపోయిన మర్నాడే.”

సారక్క వేలు వదిలేసింది. పొయ్యి దగ్గరికి పోయి, అక్కడ చేయడానికి ఏమీ లేక తిరిగి వచ్చింది.

“రోజు మీ అమ్మ ఫోటోకు మొక్కుకుంట,” అంది నెమ్మదిగా, “నీ కొడుకు పని నా చేతులతోని పాడుజేసిన, క్షమించుమని అడిగిన. అక్క గూడ ఎంత నవ్వుకున్నదో.”

సంపత్ వంగి కాళ్ళు పట్టుకోబోతే ఆమె పాదాలు వెనక్కి తీసుకుంది.

“కాళ్ళొద్దు. లే. ఆ ఆడోళ్ళందరిని పిలుసుకరా. నేను పిలిస్తె రారు.”

“చెప్పిన చిన్నమ్మా. ఎవ్వలు నమ్ముతలేరు.”

“ఎట్ల నమ్ముతరు? నువ్వు మంచోనివి గద. ఆ ఢిల్లీ సేటుకు చెప్పు, వాళ్ళ ముంగట. ధందా పోయే అబద్ధం ఎవ్వడూ ఆడడని వాళ్ళకు గూడ ఎర్కే.”

ఆ డీలరు పోతే సరుకులో ముప్పాతిక ఆగిపోతుంది. మిషన్ ఆగుతుంది, లత, మంగ చేతుల్లో పని ఆగుతుంది. ఆ లెక్కలన్నీ సంపత్ తలలో ఒక్కసారి తిరిగాయి. వాటిని అడ్డం పెట్టుకునే కదా ఇన్నాళ్ళు నోరు మూసుకున్నానని కూడా తోచింది. లేచి గల్లీలోకి వెళ్ళాడు.

వాళ్ళు ముక్కు మీదికి కొంగులు లాక్కుంటూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఏదో సన్మానం చూడటానికి వచ్చినట్టు లత ముఖం ఇంకా నవ్వుతూనే ఉంది. సారక్క గడప దాటి వచ్చి, చేతులు కొంగులో దాచుకోకుండా నిలబడింది. సంపత్ ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు. అవతల రెండుసార్లు మోగి, డీలరు ఎత్తాడు.

“చెప్పు సంపత్ భాయ్. కొత్త మాల్ ఎక్కడిదాకా వచ్చింది?”

“మాల్ గురించి కాదు భాయ్” అన్నాడు సంపత్. గొంతు సవరించుకుని, గల్లీ చివరిదాకా వినిపించేంత గట్టిగా, అదే హిందీలో మొదలుపెట్టాడు. “మా చిన్నమ్మ పసుపు గురించి నేను మీకు అబద్ధం చెప్పాను.”

లత నవ్వు ఆగిపోయింది.