నా జబ్బు, వాడి వ్యాసం

"మీ అమ్మ జబ్బు గురించి రాయి. చదివినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు," అన్నాడు మా ఆయన డేల్ మా అబ్బాయితో, బంగాళాదుంపల ముద్ద మీద గ్రేవీ పోసుకుంటూ. నేనింకా భోజనానికి కూర్చోలేదు. ఓవెన్‌లోంచి బన్నులు తీస్తున్నాను.

అక్టోబరు వచ్చిందంటే బడిలో ఆఖరి ఏడాది చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే గోల, కాలేజీ దరఖాస్తులు. ఏ కాలేజీకి గడువు ఎప్పుడో నేను గుర్తుపెట్టుకోవాలి. సిఫారసుల కోసం టీచర్లను నేను బతిమాలాలి. పళ్ల డాక్టరు దగ్గర వారమంతా రిసెప్షన్‌లో పనిచేసి, శనివారం వస్తే క్యాంపస్‌లు చూపించడానికి కారు కూడా నేనే నడపాలి. డేల్ మాత్రం చర్చిలో అందరితో "మేం దరఖాస్తులు పెడుతున్నాం" అంటాడు. మా గారెట్ చేయాల్సింది తను పడిన కష్టం గురించి ఒక్క వ్యాసం రాసుకోవడం. చెప్పుకోవడానికి వాడికంటూ ఒక కష్టం లేదు. అందుకని నాది కావలసివచ్చింది.

"మంచి మాట," అంది మా అత్త ఆర్లీన్. "ఆ ఏడాది తండ్రీకొడుకులు ఎంత నలిగిపోయారో నాకు తెలుసు."

"నన్నెవరైనా అడిగారా?" అన్నాను.

"అడగడానికేముంది, గ్రెచెన్? ఆ రొమ్ము ఎటూ పోయింది. పిల్లాడికి కాస్త పనికొస్తే నీకేం నష్టం?" అన్నాడు డేల్.

అత్త నవ్వింది. మా అమ్మాయి బ్రిట్టా ప్లేటు తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఆసుపత్రి వాసన తనకు పడదని డేల్ అప్పట్లో ఒక్కసారీ నాతో రాలేదు. కీమో ఎక్కించుకుని నా కారు నేనే నడుపుకుని వచ్చేదాన్ని. జింకల వేట సీజన్ మొదలవగానే కొడుకుని తీసుకుని అడవిలో క్యాబిన్‌కి వెళ్లిపోయాడు. "మగవాళ్లను కాస్త ఊపిరి పీల్చుకోనీ," అంది అత్త ఫోన్‌లో. నేను వాంతి చేసుకుంటుంటే బకెట్ పట్టుకున్నది పదకొండేళ్ల బ్రిట్టా. డబ్బా సూప్ వేడిచేసి స్పూనుతో తాగించింది. జుట్టు కుచ్చులుగా ఊడుతుంటే మిగిలింది గొరిగేయమని నేనే అడిగాను. ఎక్కడా గాటు పడకుండా గొరిగింది.

వ్యాసం చదివి బడి కౌన్సెలర్ మిసెస్ ప్రూయిట్ గారెట్‌నీ నన్నూ పిలిచింది. "ఆవిడ ఏమన్నా తలూపి వచ్చేయ్. వాడి బతుకుతో ఆడుకోకు," అని డేల్ పొద్దున్నే హెచ్చరించాడు.

"నాకు ఏడుపు ఆగలేదండీ," అందావిడ. "ఆ వయసు అబ్బాయి తల్లి తల గొరిగి, బకెట్ పట్టుకుని... మీరు అదృష్టవంతులు. నా సిఫారసులో కూడా ఇదే రాస్తాను. మీకు అభ్యంతరం లేదు కదా?"

గారెట్ వైపు చూశాను. వాడు నోటితో పలకకుండా పెదాలు కదిపాడు, "అమ్మా, ప్లీజ్" అని. అప్పటిదాకా వాడికి నా జబ్బు మాత్రమే కావాలనుకున్నాను.

"జరిగిందంతా నిజమే. చేసింది మాత్రం వీడు కాదండీ, వీడి చెల్లెలు. అప్పుడు వీడు వేటలో ఉన్నాడు."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ మాట నాకు తెలిశాక ఇది పంపడం కుదరదు. మీకు అర్థమవుతోందా?"

"అవుతోంది."

కారులో గారెట్ ఒక్క మాటే అన్నాడు. "నువ్వు చచ్చిపోయినా బాగుండేది." కళ్లు రోడ్డు మీదే పెట్టి ఇంటిదాకా నడిపాను.

డేల్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గారెట్ ముందే మెసేజ్ పెట్టేసినట్టున్నాడు. "ఏ తల్లైనా కొడుక్కి ఇలా చేస్తుందా?"

"మిగతా దరఖాస్తులు మీ ఇద్దరూ చూసుకోండి," అన్నాను కోటు విప్పుతూ. "నాకు కూతురు కూడా ఉంది."