మేస్త్రి బిగించిన తెర

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. చిట్టి ల్యాప్‌టాప్‌కు జరిగింది అచ్చంగా అదే. కాకపోతే ఇక్కడ మందు వేసినవాడు ఆమె కట్టుకున్న మొగుడు.

ఆయన కుళాయిల మేస్త్రి. "నేను చూసుకుంటాగా" అనేది ఆయన ఊతపదం. పెళ్లినాటి నుంచీ ఆ మాట విని విని చిట్టి చెవులు చిల్లులు పడ్డాయి. చిట్టి ఆసుపత్రిలో ఆయా. పగలంతా రోగుల పక్కలు మార్చి, ఇంటికొచ్చి, అందరూ తిని లేచాక ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నర్సు చదువు చదువుకుంది. కూరగాయలు తరుగుతూ పాఠాలు వింది, నిద్రలో మందుల పేర్లు కలవరించింది. దానికి ఆఖరి పరీక్ష ఈ రోజు నాలుగింటికి. ఇంట్లో కూర్చునే రాయాలి. తెర పైనున్న కెమెరాలోంచి ఒకరు చూస్తూ ఉంటారు. తప్పిపోయిందా, చదువంతా మళ్లీ మొదటి నుంచి.

కిందటి వారం మేస్త్రి పని నుంచి వస్తూనే రెంచీల సంచి తెచ్చి మూసి ఉన్న ల్యాప్‌టాప్ మీద దించాడు. తెర సాలెగూడులా పగిలింది. షాపుకిద్దామని చిట్టి మొత్తుకుంది. "షాపువాడు మాత్రం ఏం చేస్తాడు? నాలుగు స్క్రూలు విప్పి నాలుగు బిగిస్తాడు. నాకు తెలియని బిగింపా" అన్నాడాయన. కొత్త తెర తెప్పించి, నిన్న ఆమె డ్యూటీలో ఉండగా బిగించేశాడు. రాత్రి ఆమె వచ్చేసరికి, అయిపోయింది, కొత్త పెళ్లికూతురిలా ఉందని చెప్పాడు. ఒళ్లు హూనమై ఉన్న మనిషి, నమ్మి పడుకుంది.

ఈ మధ్యాహ్నం మూడింటికి మూత తెరిచి బొత్తం నొక్కితే, తెర అమావాస్య చీకటి.

"ఏవండీ, బిగించాక వేసి చూశారా?"

"బాగానే బిగిసింది."

"బిగిసిందా అని అడగలేదు, వెలిగిందా అని అడుగుతున్నా."

"నువ్వొచ్చి చూసుకుంటావులే అనుకున్నా."

చిట్టి కోపం అరికాలు నుంచి నెత్తికెక్కింది. ఆమెది గిన్నెలు విసిరే కోపం కాదు. గొంతు తగ్గేకొద్దీ భయపడాల్సిన కోపం.

పక్క గదిలో అత్తగారు టీవీ మీదినుంచి కన్ను తిప్పకుండానే అందుకుంది. "వాడు బిగించిన కుళాయి మళ్లీ కారిందని ఈ వీధిలో ఎవరూ అనలేదమ్మా."

"ఇది కుళాయి కాదత్తయ్యా."

చిట్టి చెవి పెట్టి వింది. లోపల ఫ్యాను తిరుగుతోంది, బొత్తం పక్కన చిన్న దీపం వెలుగుతోంది. నాడి ఉంది, చూపే లేదు. ల్యాప్‌టాప్‌నూ, దాన్ని టీవీకి కలిపే వైరునూ పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది.

"ఒక్క నిమిషం ఆగవే తల్లీ, ఆ అత్త ఇప్పుడే నోరు విప్పింది."

"ఇక్కడి అత్త మూసుకుంటే చాలు" అనేసి చిట్టి వైరు తగిలించింది. సీరియల్ పోయి, ఆమె ల్యాప్‌టాప్ బొమ్మ టీవీ నిండా పరుచుకుంది. అంటే లోపలి యంత్రం నిక్షేపంలా ఉంది. తెగిందల్లా తెరకూ దానికీ మధ్య.

మేస్త్రి మొహం వికసించింది. "ఇంకేం, టీవీలోనే రాసెయ్."

"రెండో తెర తగిలిస్తే పరీక్షలోంచి తీసేస్తారు. ఆ షరతులన్నీ మీకు చదివి వినిపించాను. తల కూడా ఊపారు."

ఆయన స్క్రూడ్రైవర్ అందుకోబోయాడు. "సరే ఇటు తే, నేను చూసు..."

"ఆ మాట పూర్తి చేశారంటే బాగుండదు."

ఆమె ల్యాప్‌టాప్ వైరు పీకి బోర్లించి, కింద బొత్తం జరిపి బ్యాటరీ ఊడదీసింది. "నిన్న ఇది తీసే పని మొదలుపెట్టారా?"

ఆయన గోడ వైపు చూశాడు.

"మెయిన్ వాల్వు కట్టేయకుండా ఎవరింట్లోనైనా కుళాయి విప్పుతారా మీరు?"

"విప్పను."

"మరి నా దాని దగ్గరికొచ్చేసరికి ఏమైంది ఆ బుద్ధి?"

చట్రం ఊడదీసి, స్క్రూలు తీసి, తెరను మెల్లగా ముందుకు వాల్చింది. వెనక ఒక సన్నటి పట్టీ వైరు, దాని కొసకు గోరంత మొన. ఆ మొన మీద తెల్లగా ఏదో చుట్టి ఉంది. పైపుల మరలకు నీళ్లు కారకుండా చుట్టే టేపు.

చిట్టి దాన్ని గోటితో చూపించింది. "ఇదేంటి?"

"కొంచెం వదులనిపించింది. బిగువు కోసం ఒక చుట్టు వేశా."

"నీళ్లు కారతాయనా?"

అత్తగారు మంచం దిగి వచ్చి తొంగి చూసింది. కొడుకును ఎగాదిగా చూసి, "ఒక్క చుట్టేనట్రా అది?" అంది.

మేస్త్రి వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశాడు.

అప్పుడు చిట్టి అనరాని మాట అననే అంది. "నేను నర్సునవడం ఇష్టం లేక, కావాలనే చేశారా?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంత మాట అనకే. పగలగొట్టింది నేను కదా. ఎలాగైనా నేనే బాగుచేసి నీ చేతిలో పెడదామనుకున్నా."

"ఒక్కసారి అడగొచ్చుగా."

"అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టేగా."

చిట్టి ఆ మాటకు కరగలేదు. తన మాట వెనక్కీ తీసుకోలేదు. కనుబొమలు సరిచేసుకునే పట్కారుతో ఆ టేపును పోగు పోగుగా లాగింది. చంటిబిడ్డ కంట్లో నలుసు తీసినట్టు, ఊపిరి బిగబట్టి. మొన లోపల ఇరుక్కున్న పీచును మెత్తటి కుంచెతో తుడిచి, వైరును నిటారుగా పట్టి లోపలికి నెట్టింది. టక్కుమని కూర్చుంది. మళ్లీ బ్యాటరీ పెట్టి బొత్తం నొక్కింది.

తెర మీద మొదట బూడిద రంగు, తర్వాత నీలం. కుడి అంచున సన్నటి గీత ఒకటి మిగిలింది. ఉంటే ఉండనీ, అక్షరాలు కనిపిస్తున్నాయి.

"వచ్చింది, వచ్చింది" అంటూ మేస్త్రి ముందుకు వంగాడు, ఆ పని తానే చేసినట్టు.

"బయటికి."

"స్క్రూలు బిగించి..."

"బయటికి నడవండి. మీ అమ్మనీ తీసుకెళ్లండి. టీవీ ఆపేయండి. నేను తలుపు తీసేదాకా ఈ ఇంట్లో ఏదీ విప్పొద్దు, ఏదీ బిగించొద్దు."

తల్లీ కొడుకులు దొంగపిల్లుల్లా జారుకున్నారు. చిట్టి తలుపు గడియ పెట్టి, చట్రం లేని తెరను గోడకు ఆనించి కూర్చుంది. నాలుగవుతూ ఉండగా తెర మూలన చిన్న చదరంలో పరీక్ష చూసే ఆవిడ కనిపించింది. ఆవిడ చిట్టి మొహాన్ని పరకాయించి చూసి, గొంతు మెత్తగా చేసుకుంది.

"భయపడకమ్మా. నింపాదిగా రాయి."

"భయం కాదండీ, కోపం" అంది చిట్టి. "ప్రశ్నలు ఇవ్వండి."