సుభద్ర బండిలో ఆయిల్ పుల్ల

నేను ఒక పుల్లని. జానెడైనా లేని ఇనప పుల్లని. తలకి నల్లటి ప్లాస్టిక్ మూత, ఒంటి చివర రెండు గీతలు. మోటార్‌సైకిల్ ఇంజిన్ పక్కన నన్ను బిగిస్తారు. లోపలి ఆయిల్ ఆ రెండు గీతల మధ్య ఉంటే బండి క్షేమం. కింది గీత దాటి దిగితే ముప్పు, పై గీత దాటినా ముప్పే. ఈ సంగతి చెప్పడానికే పుట్టాను. కాకపోతే ఎవరైనా బయటికి తీసి అడిగితేనే చెప్పగలను.

మొదటి యజమాని అనకాపల్లి బెల్లం వ్యాపారి. రోజూ ట్యాంకు అద్దంలా తుడిచేవాడు. హ్యాండిల్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవాడు. రెండేళ్లలో నన్ను ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. దిష్టి మీద ఉన్న భయం ఆయిల్ మీద లేకపోయింది.

ఆ తర్వాత వంతల సుభద్ర చేతికి వచ్చాను. ఆమె పాడేరు వైపు కొండ గ్రామాలకి తిరిగే నర్సు. బండి కొన్న రోజే సీటు కింద, కవరు చింపని కంపెనీ పుస్తకం కనిపించింది. అరుగు మీద కూర్చుని పరీక్షకి చదివినట్టు చదివింది. మర్నాటి నుంచి అదే పద్ధతి. చదునైన చోట బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టేది. మూడు నిమిషాలు ఇంజిన్ ఆడించి ఆపేది. ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, నన్ను తీసి, పాత చీర ముక్కతో తుడిచి, మర తిప్పి బిగించకుండా ఊరికే దింపి, మళ్లీ తీసి వెలుగులో చూసేది.

ఒకసారి సర్వీసింగ్‌లో ఎవరో పై గీత దాటేలా పోసేశారు. "ఎక్కువుంటే మంచిదే కదమ్మా" అన్నారట. ఆమె ఇంటికొచ్చి, అడుగు బోల్టు వదులు చేసి, ఎక్కువైనంతా డబ్బాలోకి దింపేసింది. అప్పుడే అనుకున్నాను, నాకు సరైన మనిషి దొరికిందని.

ఒక వానాకాలం పొద్దున కొండ మీది గుర్రాలమెట్ట నుంచి కిల్లో బలరాం, తన బావమరిది బండి వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. కొండ మీద ఫోన్లు పలకవు. అతని భార్య జమునకి తొలి కాన్పు, నొప్పులు మొదలై చాలాసేపయింది.

సుభద్ర ఇంజిన్ ఆడించి ఆపింది. ఆ ఆగే నిమిషాల్లోనే కాన్పు సంచీ సర్దుకుంది, కొండ కింది రోడ్డుకి రమ్మని అంబులెన్సుకి ఫోన్ చేసింది. తర్వాత నా దగ్గర కూర్చుంది.

బలరాం మండిపడ్డాడు. "ఏటక్కా ఇది! అక్కడ మనిషి పోయేలా ఉంటే నువ్వు నూనె చూసుకుంటావేటి?"

"తోవలో బండి ఆగిపోతే ఏం చేస్తాం తమ్ముడూ? ఒక్క అయిదు నిమిషాలు."

"నువ్వొచ్చినప్పుడే రా!" అని అతను విసురుగా వెళ్లిపోయాడు.

అయినా ఆమె నన్ను తుడిచి దింపింది. ఆయిల్ నా కింది గీతకైనా అందలేదు. వంగి చూస్తే, ముందురోజు గెడ్డలో నీళ్లు దాటుతుంటే రాయి తగిలిన అడుగు బోల్టు దగ్గర చుక్కలు. స్పానరుతో బిగించింది. సీసాలోంచి కొంచెం పోసి, ఆగి, చూసి, మళ్లీ కొంచెం పోసి, పై గీత దగ్గర ఆపింది. అప్పుడు కిక్ కొట్టింది.

నాలుగో మలుపులో బలరాం నిలబడి ఉన్నాడు. బావమరిది బండిలో ఆయిల్ ఎన్నాళ్లుగా లేదో ఎవరికీ తెలీదు. ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ పట్టేసింది, పొగలొస్తున్నాయి. అతని కళ్లలో నీళ్లు. సుభద్ర అతని పక్కన బండి ఆపింది.

"ఎక్కు తమ్ముడూ."

ఇద్దరి బరువుతో ఫస్ట్ గేరులోనే కొండంతా ఎక్కాం. ఇంజిన్ కాగిపోయింది కానీ ఎక్కడా తడబడలేదు.

నేను బలరాం ఇంటి గుమ్మం బయటే ఉండిపోయాను. లోపల జమున అరుపు ఆగింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ మరిచిపోలేను. చాలాసేపటికి చిన్న గొంతు ఒకటి కీచుమంది. సుభద్ర చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చి బలరాంతో చెప్పింది, "ఆడపిల్ల. మెడకి బొడ్డుతాడు రెండు చుట్లు చుట్టుకుంది. విప్పేశాను. ఇద్దరూ బాగున్నారు."

బలరాం ముందు ఆమెకి, తర్వాత బండికి దండం పెట్టాడు. బండికి పెట్టినది హెడ్‌లైట్ వైపు పెట్టాడు. పరవాలేదు, కింద నేనున్నానని పాపం అతనికేం తెలుసు!

పదకొండేళ్లు ఆమె దగ్గర పనిచేశాను. చివరికి నా మర అరిగి, మూత దగ్గర ఆయిల్ ఊరడం మొదలైంది. బండిని నర్సీపట్నంలో మస్తాన్ వలీ మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లింది. లోపల ఇంకేమైనా అరిగిందేమోనని ఆ పెద్దాయన మొదటిసారి ఇంజిన్ విప్పి, లోపల వేలితో తడిమి, పక్క షెడ్డు వాళ్లని కేకేశాడు.

"రండ్రా, చూడండి. లక్ష కిలోమీటర్లు కొండల్లో తిరిగిన బండి. సిలిండర్ మీద ఒక్క గీత పడిందేమో చూపించండి!" తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఈ బండి ఎవరు చూసుకుంటారమ్మా?"

"నేనేనండీ."

మస్తాన్ వలీ నన్ను పాత నట్ల డబ్బాలో వేశాడు. అన్నీ బిగించి, కొత్త ఆయిల్ పోసి, కొత్త పుల్లని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. దాన్ని తను దింపలేదు. రెండు చేతులతో ఆమెకి అందించి, పక్కకి జరిగి నిలబడ్డాడు.

"మీరే చూడండమ్మా. మీరు సరే అంటేనే సరి."