పది రోజుల మైల

మా బావ కూర్మనాథం అరసవల్లిలో పురోహితుడు. ఊళ్లో ఎవరి పెళ్లి ఎప్పుడో ఆయనే చెప్పాలి. సొంత కూతురు రాగసుధ పెళ్లి మాత్రం సర్కారువాళ్లు ఆయన్నడక్కుండా చేసేశారు.

రాగసుధ టీచరు. కుదిరిన పెళ్లికొడుకు దీక్షిత్ కూడా చీపురుపల్లిలో టీచరే. వేసవిలో బదిలీలు వచ్చాయి, భార్యాభర్తలైతే ఒకే చోట వేస్తారు. బావేమో జాతకాలు తిరగేసి, మాఘం దాకా ముహూర్తం లేదన్నాడు. బదిలీలు మాఘం దాకా ఆగుతాయా? నోటీసిచ్చి, నెల గడిచాక పిల్లలిద్దరూ రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టేశారు. మేనమామను కదా, సాక్షి సంతకం నేనూ పెట్టాను. బావ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని మా అక్క జగదీశ్వరి సంతోషించింది.

రాగసుధకు చీపురుపల్లి బదిలీ అయింది. బావ లెక్కలో మాత్రం పెళ్లి కాలేదు. తాళి పడేదాకా అత్తారింటి గడప తొక్కకూడదన్నాడు. మొగుడి ఇల్లు బడి పక్క వీధిలోనే పెట్టుకుని, పిల్ల రోజూ ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లి, సాయంత్రం మళ్లీ రైల్లో వచ్చేది. దీక్షిత్ స్టేషన్‌కొచ్చి పెళ్లాన్ని పుట్టింటికి సాగనంపేవాడు. ఇంత చాదస్తం నేనెక్కడా చూడలేదు.

పుష్యంలో దీక్షిత్ నాయనమ్మ పోయింది. ఇక ఏడాది దాకా ఆ ఇంట శుభకార్యం లేదు. మాఘం ముహూర్తం పోయినట్టే, పిల్లకు ఇంకో ఏడాది రైలే. కబురు తెలిసి ఫోను పెట్టేసి, రాగసుధ తిన్నగా తండ్రి ముందు నిలబడింది.

"నాకు మైల ఉన్నాదా, లేదా నాన్నా?"

మైల లెక్క ఎవరడిగినా బావ నిద్రలో కూడా చెప్పేస్తాడు. పెళ్లికాని పిల్లకు కాబోయే అత్తారి మైల అంటదు. కోడలికైతే పది రోజులు. లేదంటే ఆయన మాట నిలుస్తుంది. ఉందంటే, రిజిస్ట్రారు చేసిందే పెళ్లని ఒప్పుకున్నట్టు. పంచాంగం తీశాడు, మూశాడు. దీనికి పంచాంగం దేనికని అడగబోయి, అక్క చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. నిజానికి నాకూ భయంగానే ఉంది.

"పది రోజులు" అన్నాడు చివరికి. "తలమీద నీళ్లు పోసుకుని బయల్దేరు. కర్మలయ్యేదాకా కోడలు అక్కడుండాల."

"తర్వాత?"

"తర్వాతేటి? కోడలు అత్తారింట్లో కాక ఎక్కడుంటాది?"

రాగసుధ ఏడ్చేసింది. పోయినావిడను అది ఒకటి రెండుసార్లకు మించి చూడలేదు. బావ కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఆయనైతే ఆవిడను అసలు చూడనే లేదు.